మామగారి తువ్వాళ్ళు

తువ్వాళ్ళు తెల్లబడిన రోజున ఆ క్షౌరశాలలో ఎవరూ రాజకీయాలు మాట్లాడలేదు. ధరల ఊసెత్తలేదు. ఎదురుగా కొత్తగా తెరిచిన ఏసీ సెలూన్‌లో ఓ అమ్మాయి నవ్వి మరీ తలుపు తీస్తుందన్న సంగతి కూడా ఎవరికీ గుర్తు రాలేదు. వచ్చినవాడు వచ్చినట్టే గుమ్మంలో ఆగి, కుర్చీ వీపు మీద వేసి ఉన్న తువ్వాలు వంక చూసి, "ఏంటయ్యా, కొత్తవి కొన్నావా?" అని అడిగాడు.

"కొత్తవి కావండీ, అవే. మా మామగారు ఉతికారు."

మామగారు గోడవారగా స్టూలు మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఉద్యోగమున్నన్నాళ్ళూ రైల్వే కేబిన్‌లో నిలబడి సిగ్నల్ లీవర్లు లాగిన మనిషి. చేటలంత అరచేతులు. "మా మామగారు ఉతికారు" అన్న మాట విన్నప్పుడల్లా ఆయన తల ఒక్కసారి కిందికి వంచి ఎత్తేవారు, లైన్ క్లియరు, బండి పోనివ్వచ్చు అన్నట్టు.

రోజు విడిచి రోజు గడ్డం గీయించుకునే బస్సు కండక్టరు కుర్చీలో కూర్చుంటూనే తువ్వాలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"తలనూనె వాసన ఏదయ్యా? ఇన్నాళ్ళూ ఈ తువ్వాలు వాసన చూసి, నాకన్నా ముందు ఎవరు కూర్చుని వెళ్ళారో చెప్పేసేవాణ్ణి."

"ఇప్పుడు చెప్పండి చూద్దాం."

"ఇప్పుడేం చెబుతాను! ఎవరో దేవత కూర్చుని వెళ్ళినట్టుంది."

మామగారు మరోసారి బండికి దారిచ్చారు.

ఆయన అందరి ముందూ "అల్లుడుగారూ" అని పిలుస్తుండటంతో వచ్చేవాళ్ళు కూడా "అల్లుడుగారూ, వెనక కాస్త పొట్టిగా" అనడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి కత్తెర పట్టుకుని సంపాదించుకున్న పేరు అలా ఒక్క వారంలో ఊడిపోయింది. అతనికి బాధేమీ కలగలేదు. మామగారు మాట్లాడుతున్నారు, అంతే చాలు.

తువ్వాళ్ళు తెల్లబడటానికి ముందురోజు మధ్యాహ్నం దాకా ఆ ఆశ కూడా లేదు. అత్తగారు పోయాక కూతురు పట్టుబట్టి ఇంటికి తీసుకొచ్చింది మొదలు ఆయన వరండా కుర్చీ వదిలింది లేదు. పెట్టినదాంట్లో సగం తినేవారు. అడిగినదానికి తల ఊపేవారు. ఆ మధ్యాహ్నం అల్లుడు పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని షాపు తువ్వాళ్ళు సబ్బుతో రుద్దుతున్నాడు. ఆ కుళాయిలో వచ్చేవి ఉప్పునీళ్ళు. సబ్బు నురగ కట్టదు, విరిగిన పాలలా ముక్కలు ముక్కలై తేలి, తిరిగి వచ్చి బట్టకే అంటుకుంటుంది. తువ్వాళ్ళు బూడిదరంగుకి తిరిగి ఎంత కాలమైందంటే, వాటి అసలు రంగు అదేనని అల్లుడు నమ్ముతున్నాడు.

వెనక నుంచి నీడ పడింది. మామగారు.

"వీటికి సబ్బు చాలదు అల్లుడుగారూ. బట్టల సోడా కావాలి. మీ అత్తగారు సోడా లేకుండా చేతిరుమాలు కూడా ఉతికేది కాదు."

ఇంత పొడుగు మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. ఆయన మనసు మార్చుకునేలోపు తేవాలని అల్లుడు తడి చేతులతోనే కొట్టుకి పరిగెత్తాడు.

మామగారు నీళ్ళు మరిగించమన్నారు. బకెట్టులో పోయించారు. ప్యాకెట్టు కొస కొరికి చింపి, లోపల చెయ్యి పెట్టి, గుప్పిట బిగించి తీశారు. "బకెట్టుకి రెండు గుప్పెళ్ళు. మీ అత్తగారి లెక్క ఇది." తెల్లటి పలుకులు వేడినీళ్ళలో చిటపటమని అడుగుకి దిగాయి. కర్రతో అడుగు దాకా కలిపి, పలుకు పూర్తిగా కరిగిందాకా తువ్వాళ్ళను దగ్గరకి రానివ్వలేదు. నానేసిన కాసేపటికి ఊళ్ళోవాళ్ళ తలనూనెంతా పచ్చటి మీగడ కట్టి పైకి తేలింది. మామా అల్లుళ్ళిద్దరూ బకెట్టు మీదికి వంగి, నిధి దొరికినవాళ్ళలా దాని వంక చూశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన కంచం ముందుకి జరిపి, "ఇంకొంచెం పెట్టమ్మా," అన్నారు.

కూతురు చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆమె భర్త వంక చూసింది. అతను ఆమె వంక చూశాడు. ఆ చూపులతోనే షాపు తువ్వాళ్ళు మామగారి పేర రాసిచ్చేసినట్టయింది.

తువ్వాళ్ళతో ఆగితే అది వేరే కథ అయ్యేది. మర్నాడు మామగారు దువ్వెనలన్నీ సోడా నీళ్ళలో వేశారు. పళ్ళ సందుల్లో పేరుకున్న జిడ్డు దానంతటదే వదిలి, నల్లటి దువ్వెనలనుకున్నవి కొన్ని ఎర్రవని తేలింది. ఆ పై రోజు షాపు వెనక తూములో సోడా పోసి, దాని మీద మరిగే నీళ్ళు పోశారు. లోపల ఏదో గుటకవేసిన చప్పుడై, ఏడాదిగా నిలిచిపోయిన నీళ్ళు గిరగిర తిరుగుతూ వెళ్ళిపోయాయి. కండక్టరు చప్పట్లు కొట్టాడు. కుర్చీ కింద నేల మీద ఉన్న నల్లటి వలయం పోయింది. గోడ మీద, తలలు ఆనిన చోట ఉన్న మరకలు పోయాయి.

ఆ ఊపులో షాపు తలుపు అద్దం మీద బొమ్మకి కూడా స్నానం చేయించారు. ఎప్పుడో రంగులతో వేయించిన అందగాడి బొమ్మ. దట్టమైన జుట్టు, కోర మీసం, పక్కకి చూసే చూపు. దుమ్ము పోయింది, చూపు మెరిసింది, మీసంలో సగం గుడ్డతోపాటు వచ్చేసింది.

"అల్లుడుగారూ," అన్నారు మామగారు గుడ్డ వంక చూసుకుంటూ. "ఈ రంగు మంచిది కాదు. మిమ్మల్ని మోసం చేశారు."

"పోనీండి మావయ్యగారూ. ఇప్పుడు వయసు తగ్గినట్టున్నాడు."

మిగిలిన సగం కూడా అల్లుడే గోకేశాడు. ఒకవైపే మీసమున్న మనిషిని గుమ్మంలో పెట్టుకుంటే వ్యాపారం ఎలా సాగుతుంది?

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. అల్యూమినియం పాలగిన్నె అడుగు మాడిందని మామగారు దాన్ని సోడాలో నానబెట్టారు. మాడు పోయింది. గిన్నె కూడా పోయినంత పనైంది. లోపలా బయటా నల్లగా కమిలి, ఇనుప బొచ్చెలా తయారైంది.

"నాన్నా! ఇది నా పాలగిన్నె!"

"అల్యూమినియానికి పడదు కాబోలమ్మా," అన్నారాయన చిన్నబోయి. "మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదు."

ఆ "మీ అమ్మ" అన్న మాట వినగానే కూతురి కోపం చల్లారిపోయింది. "పోనీలే నాన్నా, బొగ్గులు పోసుకోడానికి పనికొస్తుంది," అంది. ఆ ఇంట్లో బొగ్గులు లేవు.

కండక్టరు మెడ గోక్కోవడం అల్లుడు మొదట గమనించింది ఆ రోజుల్లోనే.

"అల్లుడుగారూ, ఏం రాస్తున్నావయ్యా ఈ మధ్య? గీసిన చోటల్లా చుర్రుమంటోంది."

"కొత్తగా ఏం రాయడం లేదండీ. ఎప్పటి పటికే."

"అబద్ధం. ఏదో మంచి మందే. మండిందంటే పనిచేస్తున్నట్టే." కండక్టరు తృప్తిగా గోక్కుంటూ వెళ్ళాడు.

అందరూ అంత తృప్తిగా వెళ్ళలేదు. మెడ చుట్టూ ఎర్రటి పట్టీ పడిందని బట్టలకొట్టు గుమాస్తా కాలర్ విప్పి చూపించాడు. మరొకాయన సగం గడ్డంలో ఉండగానే తువ్వాలు వద్దని సొంత రుమాలు తీశాడు. ఇంకొకాయన ఇటు రాబోతూ గుమ్మం దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు నుదురు కొట్టుకుని, రోడ్డు దాటి ఆ నవ్వే అమ్మాయి తలుపు వైపు నడిచాడు.

షాపులో ఎవరూ లేనప్పుడు అల్లుడు తన గడ్డం తనే గీసుకున్నాడు. దొంతరలోంచి ఓ తువ్వాలు తీసి, వేడినీళ్ళలో ముంచి మొహానికి అదుముకున్నాడు. ముందు హాయిగా ఉంది. తర్వాత చుర్రుమంది. ఆ తర్వాత మొహమంతా చీమలు బారులు తీరాయి. తువ్వాలు పిండి, ఆ నీళ్ళు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. సబ్బునీళ్ళలా జారుతున్నాయి. తువ్వాలు నిండా సోడా అలాగే ఉంది.

ఆ సాయంత్రం వంటింట్లో మొగుడూ పెళ్ళాలు గుసగుసలాడుకున్నారు.

"మీరే చెప్పండి."

"మీ నాన్న. నువ్వు చెప్పాలి."

"మీ షాపు. మీ తువ్వాళ్ళు. మీ మొహం."

"ఆయన మళ్ళీ ఆ వరండా కుర్చీలో కూర్చుంటే?"

ఆమె వంటింటి మూలనున్న కుట్టుమిషను మీద సగంలో ఉన్న జాకెట్టు మడిచి పక్కన పెట్టింది. పెట్టి, ఉన్నట్టుండి భర్త చెయ్యి లాక్కుని గుప్పిట మూయించి, పక్కన తన గుప్పిట పెట్టి చూసింది.

"మా అమ్మ చెయ్యి నాకన్నా చిన్నది. ఆవిడ గుప్పిట్లో నిమ్మకాయ పట్టడం కష్టం. రెండు గుప్పెళ్ళంటే ఆవిడవి రెండు. నాన్న గుప్పెడంటే ఏమిటి? మన దోసెడు!"

రోగం తెలిసింది గనక మందు తేలికే అనుకున్నారు. ఆమె చిన్న స్టీలు గిన్నె ఒకటి తీసి సోడా ప్యాకెట్టులో పెట్టింది. మర్నాడు ఆ గిన్నె మళ్ళీ వంటింటి గూట్లో బోర్లించి కనిపించింది. "ఎవరో పొరపాటున సోడాలో పడేసినట్టున్నారమ్మా, కడిగిపెట్టాను," అన్నారు మామగారు.

ఇక తప్పదని అల్లుడు గొంతు సవరించుకుని వరండాలోకి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు.

"మావయ్యగారూ, ఒక్క మాట."

"చెప్పండి."

"ఏం లేదు. ఆ సోడా..."

"అయిపోవచ్చింది. నేనే చెబుదామనుకుంటున్నాను. చిన్న ప్యాకెట్లతో మనకి గిట్టుబాటు కాదు, ఈసారి పెద్దది తెండి."

అల్లుడు తలూపాడు. "అలాగేనండి," అన్నాడు.

లోపలికి రాగానే భార్య చెయ్యి పట్టుకుంది. "చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"పెద్ద ప్యాకెట్టు తెమ్మన్నారు."

ఆమె పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో నవ్వు ఎంతో, రెండోది ఎంతో అల్లుడు అడగలేదు.

నోటితో చెప్పలేనిది చేతులతో సరిచేయాలని నిశ్చయించుకుని అతను మర్నాడు తెలతెలవారుతుండగా లేచాడు. పిల్లిలా పెరట్లోకి వెళ్ళాడు. మామగారు సాయంత్రం ఉతికి ఆరేసిన తువ్వాళ్ళు దండెం మీద అంచుకి అంచు కలిపి, రైలు పెట్టెల్లా వరసగా ఉన్నాయి. కుళాయి పక్కన రెండు బకెట్ల నిండా నీళ్ళు పట్టి ఉన్నాయి. 'నా మనసు కనిపెట్టి నింపిపెట్టింది,' అని భార్యని మెచ్చుకున్నాడు. కుళాయి తిప్పితే వచ్చే గోల తప్పింది. తువ్వాళ్ళు దించి, ముంచి, జాడించి, పిండి, మళ్ళీ ముంచి, వేళ్ళ మధ్య జారుడు పోయి బట్ట కిర్రుమనేదాకా జాడించి, అంచుకి అంచు కలిపి ఆరేశాడు. వచ్చి మళ్ళీ పడుకున్నాడు.

ఆ రోజు ఎవరూ గోక్కోలేదు. కండక్టరు ఒక్కడు మాత్రం నిరాశపడ్డాడు. "మందు మార్చావా? పస తగ్గింది," అన్నాడు.

ఒక్కటే ఇబ్బంది. పొద్దున జాడించిన గుడ్డ షాపు తెరిచేసరికి ఎలా ఆరుతుంది? మామగారు దండెం దగ్గర నిలబడి ఒక్కో తువ్వాలూ చెంపకి ఆనించి చూసేవారు.

"ఏం వాతావరణమండీ ఇది అల్లుడుగారూ! నిన్న సాయంత్రం ఆరేసిన గుడ్డ, రాత్రికన్నా పొద్దున ఎక్కువ తడిగా ఉంటోంది!"

"మంచు కురుస్తోందండీ."

"ఈ ఎండాకాలంలోనా?"

"ఇక్కడంతేనండీ," అనేవాడు అల్లుడు చూపు తప్పించి.

రోజూ పొద్దున్నే లేచి తువ్వాళ్ళు జాడించి, పగలంతా నిలబడి కత్తెర ఆడించేసరికి అతనికి మోచేతులు పీకేవి. అద్దంలో కస్టమర్ మొహం రెండుగా కనబడేది. ఒకరోజు దువ్వెన చెవి మీద పెట్టుకుని, షాపంతా దువ్వెన కోసం వెతికాడు. అయినా రాత్రి మామగారు రెండోసారి కంచం ముందుకి జరుపుతుంటే, సాగినన్నాళ్ళు ఇలాగే సాగించచ్చనుకున్నాడు.

పెళ్ళికొడుకు వచ్చిన రోజున సాగలేదు.

ఆ పొద్దున అల్లుడికి మెలకువ రాలేదు. లేచేసరికి వాకిట్లోకి ఎండ వచ్చేసింది. మామగారు తువ్వాళ్ళు మడిచి షాపుకి పట్టుకెళ్ళిపోయారు. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చేసరికి, షాపు ముందు కారులోంచి పెళ్ళికొడుకూ, వాళ్ళ బాబాయీ దిగుతున్నారు. పెళ్ళికొడుకు పాలిపోయి, పీక్కుపోయి, పరీక్ష రాయబోయేవాడిలా ఉన్నాడు. బాబాయి మాత్రం పెళ్ళి తనదే అన్నంత సంబరంగా ఉన్నాడు.

"నున్నగా గీయాలి. ఈగ వాలితే జారిపోవాలి. వేడి తువ్వాలు గట్టిగా వెయ్యి!"

"తువ్వాలెందుకండీ, చల్లటి నీళ్ళతో..."

"పెళ్ళయ్యా! రోజూ అవుతుందా? వెయ్యి తువ్వాలు!"

అల్లుడు దొంతరలో అడుగుది లాగాడు, అదేదో తక్కువ సోడా తాగి ఉంటుందన్నట్టు. గడ్డం గీశాడు. ఆవిర్లు చిమ్మే తువ్వాలు అటూ ఇటూ ఊపి, వీలైనంత చల్లార్చి, వేసీ వేయనట్టు వేశాడు. బాబాయి ముందుకొచ్చి రెండు చేతులా అదిమిపట్టాడు.

తువ్వాలు తీసేసరికి లోపల ఇంకో మనిషి ఉన్నాడు. చెంపలు రెండూ కందగడ్డలు. ముక్కు కొసన ఎర్ర దీపం. పెళ్ళికొడుకు అద్దంలో చూసుకుని, "బాబాయ్," అన్నాడు సన్నగా. ఆ తర్వాత బాబాయి అన్న మాటలు వీధి చివర టీ కొట్టు దాకా వినిపించాయి.

"మొహమా ఇది, టమాటానా? ఏం పెట్టావయ్యా ఆ గుడ్డలో?"

"సోడా," అన్న మాట గోడవార నుంచి వచ్చింది.

మామగారు స్టూలు మీంచి లేచి నిలబడి ఉన్నారు. చేతుల్లో తువ్వాళ్ళ దొంతర. "సోడా బాబూ. నేనే ఉతికాను. అల్లుడుగారి తప్పేం లేదు." దొంతర స్టూలు మీద పెట్టి, అంచులు సరిచేసి, ఎవరి వంకా చూడకుండా ఆయన మెట్లు దిగి ఇంటికి వెళ్ళిపోయారు. అల్లుడు వెనకాలే వెళ్ళబోయాడు గానీ, పెళ్ళికొడుకు అతని చెయ్యి వదల్లేదు. ఆ మొహం మీద చల్లటి పాలలో ముంచిన గుడ్డ, గంధమూ, పౌడరూ వేసి వేసి, కందగడ్డని గులాబీ దాకా దింపేసరికి పెళ్ళివారి ఫోన్లు మోగడం మొదలైంది.

సాయంత్రం షాపు కట్టేయబోతుంటే అదే కారు వచ్చి ఆగింది. పట్టుచీరలో ఓ పెద్దావిడ దిగింది. పెళ్ళికొడుకు తల్లి. అల్లుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వేనా బాబూ, పొద్దున మా వాడికి గీసింది?"

"నేనేనండీ."

"ఏం రాశావో చెప్పు. ఆడపెళ్ళివారి నోట ఒకటే మాట, 'ఎంత సిగ్గరి పిల్లాడు, చూడండి చెంపలెలా ఎరుపెక్కాయో' అని! మా వియ్యపురాలైతే దిష్టి తీయించింది. మొదట్నుంచీ వీడికి రక్తం లేదని దెప్పిన మా తోడికోడలు నోరు మూసుకు కూర్చుంది. మా రెండోవాడి పెళ్ళి వచ్చే నెల. అదే రాయాలి, తెలిసిందా?"

అల్లుడు షట్టరు సగం దించి, సగం అలాగే వదిలేసి, తువ్వాళ్ళ దొంతర చంకలో పెట్టుకుని ఇంటికి పరిగెత్తాడు.

మామగారు వరండా కుర్చీలో ఉన్నారు. పక్కన కంచం, పెట్టింది పెట్టినట్టు ఉంది. పెరట్లో బకెట్టు బోర్లించి ఉంది. కూతురు గుమ్మంలో నిలబడి, ఏమీ లాభం లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అల్లుడు ఆయాసపడుతూ జరిగింది జరిగినట్టు చెప్పాడు. సిగ్గన్నాడు, వియ్యపురాలన్నాడు, దిష్టి అన్నాడు, రెండోవాడి పెళ్ళన్నాడు. మామగారు ఓపిగ్గా అంతా విన్నారు.

"మీరు మంచివారు అల్లుడుగారూ," అన్నారు చివరికి. "కానీ అబద్ధం చెప్పడం మీకు చేతకాదు."

"అయ్యో, నిజమండీ!"

"ఎండాకాలంలో మంచు కురుస్తుందన్నారు. అది కూడా ఇలాగే చెప్పారు."

జీవితంలో ఒక్కసారి నిజం చేతిలో పెట్టుకుని, అల్లుడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలా నిలబడిపోయాడు.

ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. తెల్లారుతుండగా లేవడం అలవాటైపోయి కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. షాపు నుంచి తెచ్చిన తువ్వాళ్ళు కనీసం ఒకసారి జాడించి ఉంచుదామని పెరట్లోకి వచ్చాడు. కుళాయి దగ్గర ఎవరో ఉన్నారు.

మామగారు చిన్న పీట మీద కూర్చుని ఉన్నారు. నిన్నటి తువ్వాళ్ళు బకెట్టులో మునిగి ఉన్నాయి. ఆయన ఒక్కటి తీసి, రెండు చేతులా పట్టుకుని తిప్పబోయారు. సగం తిరిగేసరికి పళ్ళు బిగించి వదిలేశారు. తువ్వాలు పిండకుండానే నీళ్ళోడుతూ ఒళ్ళో పడింది. మళ్ళీ తీశారు. మళ్ళీ పడింది.

అల్లుడు వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాడు. మామగారు తల ఎత్తకుండానే, "రా నాయనా," అన్నారు. "ఇవాళ కాస్త ఆలస్యమైంది నీకు."

అల్లుడు కదల్లేదు.

"మొదటి రోజునుంచీ తెలుసు. చెప్పడానికి వచ్చి చెప్పలేక వెళ్ళినప్పుడే, నువ్వే లేచి జాడిస్తావనుకున్నాను. నేను నిద్రపోయేది తక్కువ. కిటికీలోంచి నీ వీపు కనబడుతుంది. అందుకే బకెట్లు నింపి పెట్టేవాణ్ణి. చీకట్లో కుళాయి తిప్పితే అమ్మాయి లేస్తుందని."

"మరి ఆ తడి సంగతి... మంచు..."

"ఏదో ఒకటి అనాలి కదా. అనకపోతే, నాకు తెలుసని నీకు తెలిసిపోదూ?"

అల్లుడు వచ్చి ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు. మామగారు తన మణికట్టు చూపించారు. వేళ్ళు ఇంకా ఇనుప కడ్డీల్లాగే ఉన్నాయి. మణికట్టు దగ్గర మాత్రం ఎముక కీలు వాచి, గుండ్రంగా ముడిపడింది.

"లాగడానికి పనికొస్తాయి. పట్టుకోవడానికి పనికొస్తాయి. తిప్పమంటే తిరగవు. ఆ చిన్న గిన్నె ఎందుకు పెట్టారో నాకు తెలీదా? మీ అత్తగారి గుప్పెడు ఎంతో నాకు తెలీదా? ఎన్నేళ్ళు పట్టుకున్నాను ఆ చెయ్యి! సోడా ఎక్కువ వేస్తే రుద్దే పని ఉండదని వేశాను. రుద్దే పని తప్పింది. పిండే పని ఎవరు తప్పిస్తారు? పిండనిదే సోడా పోదు. చేతకాదని చెబితే మీరు కూర్చోమంటారు. కూర్చుంటే..." ఆయన వరండా వైపు చూశారు. కుర్చీ అక్కడే ఉంది. "కుర్చీ మంచిదే. అందులో కూర్చుంటే గడియారం నడవదు."

అల్లుడు ఆయన ఒళ్ళో పడ్డ తువ్వాలు అందుకుని, ఒక కొస ఆయన చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని నిలబడ్డాడు.

"తిప్పండి."

ఇద్దరూ తిప్పారు. మామగారు కొద్దిగా తిప్పి మూలిగారు. అల్లుడు కంగారులో ఆయన తిప్పినవైపే తిప్పాడు. ఇద్దరి మధ్యా తువ్వాలు బద్ధకంగా పొర్లింది. నీటిచుక్క రాలలేదు.

"నువ్వు పదేళ్ళుగా తువ్వాళ్ళతో బతుకుతున్నావు కదయ్యా!" అన్నారు మామగారు.

"ఒక్కడినే పిండుకునేవాణ్ణి. ఇద్దరితో ఎప్పుడు పిండాను?" అన్నాడు అల్లుడు. "అసలు మీరు తిప్పకండి మావయ్యగారూ. ఊరికే పట్టుకోండి."

"పట్టుకోవడమా!" మామగారు పీట పక్కకి తన్ని లేచారు. కేబిన్‌లో నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, కొస పిడికిట్లోకి తీసుకుని, రెండో పిడికిలి దాని మీద బిగించారు. "అది చెప్పు."

అల్లుడు తిప్పాడు. తువ్వాలు తాడైంది. తాడు ముడతలు పడింది. నీళ్ళు ముందు ధారగా, తర్వాత చుక్కలుగా, చివరికి బట్టకే ప్రాణం పోయినట్టు నురగగా దిగాయి. మామగారు వంగి, కారిన నీళ్ళు వేళ్ళ మధ్య రుద్ది చూశారు.

"ఇంకా జారుతోంది. మరోసారి."

ముంచారు, తీశారు, బిగించారు. అల్లుడు ఈసారి ఒళ్ళంతా పెట్టి తిప్పాడు. కాళ్ళ కింద గట్టంతా సోడానీళ్ళు. ఒక్కసారిగా రెండు కాళ్ళూ ముందుకి పోయాయి. వెనక్కి పడి నడుం విరగ్గొట్టుకోవలసినవాడే. పడలేదు. చేతిలో ఉన్న తువ్వాలు కొస బిర్రున లాగి పట్టి, అతన్ని నేలకి జానెడు ఎత్తున గాల్లో ఆపింది. అవతలి కొసన మామగారు అంగుళం కదల్లేదు.

గాల్లో వేలాడుతూ అల్లుడు పైకి చూశాడు. మామగారి భుజాలు ఊగుతున్నాయి. నొప్పేమోనని ఒక్క క్షణం భయపడ్డాడు. ఆ తర్వాత చప్పుడు వినబడింది. ఆయన నవ్వుతున్నారు. నోరు తెరిచి, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా, తువ్వాలు మాత్రం వదలకుండా నవ్వుతున్నారు.

వంటింటి తలుపు తెరుచుకుంది. కూతురు నిద్రమొహంతో గుమ్మంలోకి వచ్చి, పడీ పడకుండా వేలాడుతున్న మొగుణ్ణీ, వెనక్కి వాలి నిలబడ్డ తండ్రినీ చూసింది.

"ఏంటి నాన్నా ఇదంతా?"

"ఏం లేదమ్మా," అన్నారు మామగారు. "అల్లుడు బట్టలు పిండుతున్నాడు. లే నాయనా, ఇంకా బకెట్టు నిండా ఉన్నాయి."